ఒక ఐరిష్ నృత్యపు వరుస: తెలుగు లిపిలో దాని జాడ

వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలలో మూసీనది జన్మస్థానాన్ని చూపించవచ్చు. పాట సంగతి అట్లా కాదు. నోటినుండి నోటికి సాగిపోయే వరుసకు పుట్టినచోటు ఏదో, తొలుత పాడినవారెవరో సాధారణంగా తెలియదు. అయినా దారిలో ఎవరో ఒకరు వ్రాసిపెట్టడంచేత కొన్నిటి జాడ దొరుకుతుంది. అటువంటి ఒక ఐరిష్ నృత్యపు వరుస చెన్నపట్టణం చేరి తెలుగు లిపిలో నిలిచిపోయిన వృత్తాంతం నేటి ప్రసంగవిషయం.

ఐర్లండుకు దక్షిణాన కార్కు మండలంలో మాలో అనే పట్టణమున్నది. 18వ శతాబ్దంలో అక్కడి బుగ్గలలో స్నానపానాలకు, కాలక్షేపానికి సంపన్నులు వచ్చేవారు. వారిలోని దుబారా యువకుల పేర వెలసినదే ‘రేక్స్ ఆఫ్ మాలో’, అనగా ‘మాలో విలాసరాయుళ్ళు’. ఆ శతాబ్ది మధ్యభాగానికే ఈ వరుస లండనులో అచ్చయిన సంకలనాలకు ఎక్కింది. ఇందులో రెండు చిన్న భాగాలే ఉన్నవి. షడ్జమానికీ గాంధారానికీ మధ్య ఉయ్యాల ఊగినట్లు మొదలవుతుంది. నడక చతురశ్రం. కాళ్ళు నృత్యానికి కదిలినా, కవాతుకు కదిలినా సరిపోతుంది. కనుకనే సైనికుల బ్యాండులకు ఇటువంటి వరుసలు ప్రీతిపాత్రమైనవి.

ముత్తుస్వామి దీక్షితులవారి తండ్రి రామస్వామి దీక్షితులు చెన్నపట్టణం సమీపంలోని మణలి జమీందారుల ఆదరణలో కొంతకాలమున్నారు. ఆ రోజులలో జమీందారు చిన్నయ్య మొదలియారు దీక్షిత సోదరులను కోటకు తీసికొనిపోయి బ్యాండు వినిపించారని సంప్రదాయం చెబుతున్నది. తమ్ముడు బాలుస్వామి ఫిడేలు నేర్చి, దానిని మన సంగీతానికి అలవరచారు. ముత్తుస్వామి దీక్షితులు తాము విన్న వరుసలకు సంస్కృతసాహిత్యం కూర్చారు. వీటినే నోట్టుస్వరాలంటారు. ఇంగ్లీషు ‘నోటు’ అనే మాట ఆ పేరులో ఇమిడి ఉన్నది. శంకరాభరణ స్వరాలతో, గమకాలు లేకుండా సాగే ఈ రచనలు బాలబాలికలకు సులువుగా పట్టుబడతవి. ‘సంతతం పాహిమాం’ వరుస ఇంగ్లండు జాతీయగీతానిది. ‘వందే మీనాక్షి’ వరుస మనం చెప్పుకొంటున్న మాలో వారిది.

ఈ వరుస జాడ తెలుగు లిపిలో నిలవడానికి ఇద్దరు కారకులు. సి.పి. బ్రౌను 1830 దశకపు తొలినాళ్ళలో వ్రాయించిన ఒక ప్రతిలో ఇరవై వరకు నోట్టుస్వరాలున్నవనీ, కర్త ముత్తుస్వామి దీక్షితులని అందులో సూచించారనీ పరిశోధకులు పేర్కొన్నారు. దీక్షితులు 1835లో పరమపదించారు. కనుక ఆ ప్రతి వారి జీవితకాలం నాటిదే. రెండవవారు ఎట్టయపురం ఆస్థానవిద్వాంసులు సుబ్బరామ దీక్షితులు. బాలుస్వామికి వీరు దౌహిత్రులు, దత్తపుత్రులు. 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని, 1905లో ‘ప్రథమాభ్యాస పుస్తకము’ను తెలుగులో ప్రకటించారు. ముప్పదికి పైగా నోట్టుస్వరాలు స్వరసహితంగా ఈ రెండవ గ్రంథంలో లభిస్తున్నవి.

సాహిత్యంలో మధుర మీనాక్షి స్తుతియేగాని మాలో పట్టణం ఊసు లేదు. మాటలనుబట్టి వెదికితే జన్మస్థానం దొరకదు. పాశ్చాత్యలిపిలోని స్వరాలను, తెలుగులోని సరిగమలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడే బంధుత్వం బయటపడుతుంది. అయితే వ్రాత అన్నిటినీ పట్టియుంచలేదు. స్వరం, తాళం నిలుస్తవి. బ్యాండులోని డప్పుల దరువు, వేణువుల జోరు జారిపోతవి. వాటికి ధ్వనిముద్రణలే శరణ్యం. 1952 నాటి ‘ది క్వైట్ మ్యాన్’ చలనచిత్రంలో ఈ వరుస పరుగులు తీస్తూ వినబడుతుంది. అమెరికాలోని కన్నికేశ్వరన్ 2008లో ‘విస్మయ’ పేర వెలువరించిన నోట్టుస్వరాల ముద్రణను దాని సరసన వింటే, ఒకే వరుస ఒకచోట చిందు, మరొకచోట స్తోత్రం అయిన తీరు బోధపడుతుంది.

ఎరువు తెచ్చిన వరుస వలన దీక్షితులవారి కీర్తికి కొరత కలుగుతుందా? కలుగదు. నవావరణ కీర్తనలు రచించిన మహనీయుడు పరదేశపు వరుసనూ చెవియొగ్గి విన్నారనడం వారి విశాలదృష్టికే నిదర్శనం.

ఇదే కాలంలో షికాగోలో పోలీసు అధికారియైన ఫ్రాన్సిస్ ఓనీల్ తన ఐరిష్ వరుసలను కూర్చుతున్నాడు. ఆయనదీ కార్కు మండలమే. తాను వినిపించిన వరుసలను సహచరుడు జేమ్స్ ఓనీల్ చేత స్వరలిపిలో వ్రాయించి, 1903లో 1850 వరుసలతో గ్రంథం ప్రకటించాడు. ఊరు విడిచిన జనంతోపాటు పాటలూ చెదరిపోతవని ఆయన బెంగ.

ఆ బెంగ మనకూ ఉండవలె. తాండూరులోనో, వికారాబాదులోనో పెండ్లి ఊరేగింపు ముందు సాగే మేళంలోని క్లారినెట్టు, ట్రంపెట్టు సైనికుల బ్యాండునుండి వచ్చినవే. అవి నేడు వాయించే వరుసల పేర్లు ఎవరు వ్రాస్తున్నారు? బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ 1958లో వెలువడి పాటల మాటలకు గౌరవం తెచ్చింది. బతుకమ్మ పాట మాత్రం మాట అదే అయినా ఊరూరికీ వరుసలో మారుతుంది. ఆ తేడా తెలిసిన వృద్ధురాలు పోతే పుస్తకంలోని మాట దానిని తిరిగి తేలేదు.

చేతిలోని ఫోనులో పాటను పట్టడం నేడు సులభమే. పేరులేని ముద్రణ మాత్రం తల్లిదండ్రులెవరో తెలియని బిడ్డవంటిది. కనుక అవ్వ పాడినప్పుడు ఆమె అనుమతితో పాటను పట్టి, ఆమె పేరు, ఊరు, తేదీ, ఏ వేడుకలో పాడతారో, ఎవరివద్ద నేర్చిందో కూడ ఆమె నోటనే చెప్పించి, ఒక పుస్తకంలోనూ వ్రాసి ఉంచండి. బ్రౌను దొర వ్రాయించిన ప్రతిలో కర్త పేరు నిలువకపోతే మన అన్వేషణకు ఆధారం అంతమేరకు తగ్గిపోయేది.