వాన్ మిల్లర్ మోకాలు, బఫెలో జట్టు లెక్క

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లేవాణ్ని పాస్ రషర్ అంటారు. బంతి చేయి దాటేలోపే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొడితే అది శాక్. ఈ పనిలో ఆరితేరినవాడు వాన్ మిల్లర్.

2022 మార్చిలో బఫెలో బిల్స్ అతనితో ఆరేళ్లకు 12 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. అందులో 5 కోట్లకు పైగా గ్యారంటీ సొమ్ము. అప్పటికతనికి 33 ఏళ్లు నిండుతున్నాయి. 2013లో మోకాలి లిగమెంట్ తెగింది, 2020లో చీలమండ గాయంతో సీజన్ మొత్తం పోయింది.

మొదట్లో నమ్మకం నిలబెట్టాడు: 11 ఆటల్లో 8 శాక్‌లు. నవంబరులో మళ్లీ మోకాలే దెబ్బతింది. మరుసటి ఏడాది 12 ఆటలాడినా ఒక్క శాక్ లేదు.

అతని ఆట చూసినవాళ్లకు కారణం తెలుస్తుంది. బంతి కదిలీ కదలకముందే మెరుపులా తొలి అడుగు, అడ్డుగా నిలిచిన భారీకాయుడి భుజం కిందుగా నేలకు వాలిపోతూ మలుపు. ఆ క్షణంలో ఒంటి బరువంతా వంగిన మోకాలి మీదే.

2024లో జీతం తగ్గించుకుని 6 శాక్‌లు సాధించాడు. అయినా 2025 మార్చిలో జట్టు వదులుకుంది. మిల్లర్‌ను తీసుకోవడం తప్పని నేననను. గాయాల చరిత్ర ఉన్న ఆటగాడికి గ్యారంటీ తగ్గించి, ఆడిన ఆటలను బట్టి సొమ్ము పెంచాల్సింది.