మురుగు ట్యాంకులోకి దిగేదెవరు?



ఈ సభలో కార్మికుల ఆరోగ్యం మీద మాట్లాడమన్నారు. బీడీ మానండి, మందు మానండి, ఉప్పు తగ్గించండి అని చెప్పడం తేలిక. అవి మంచి మాటలే. ఈ మొగల్తూరులో నిలబడి వాటితో మొదలుపెట్టడానికి మాత్రం నాకు మనసొప్పలేదు.

2017 మార్చి 30న ఇక్కడి నల్లంవారితోటలో, రొయ్యల శుద్ధి కర్మాగారంలో ట్యాంకు శుభ్రం చేయబోయి ఐదుగురు కార్మికులు విషవాయువుకు బలయ్యారు. రొయ్యల వ్యర్థం గాలాడని చోట కుళ్ళితే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కొద్దిగా ఉంటే కుళ్ళిన కోడిగుడ్డు కంపు. మోతాదు పెరిగితే ఆ కంపును పసిగట్టే శక్తి ముక్కుకే పోతుంది. కంపు తగ్గిందిలే అని దిగినవాడు క్షణాల్లో కూలిపోతాడు. వాణ్ణి లాగబోయి ఇంకొకడు దిగుతాడు. ఇలాంటి ట్యాంకుల్లో ఎక్కడైనా, కాపాడబోయి పోయినవాళ్ళు చాలామంది ఉంటారు.

దీనికి విరుగుడు అప్పటికే చట్టంలో ఉంది. అప్పుడు అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ ప్రకారం, లోపల గ్యాసు లేదని తెలిసినవాడు పరీక్షించి రాసివ్వాలి. లేదంటే దిగేవాడికి శ్వాస పరికరం, నడుముకు బెల్టు, దానికి కట్టిన తాడు పైన ఒకరి చేతిలో ఉండాలి. ఒక తాడు, ఒక కాగితం! అంత చిన్న ఖర్చు కూడా కూలివాడి ప్రాణం దగ్గరికి వచ్చేసరికి బరువైపోతుంది. ట్యాంకులోకి మేనేజరు దిగడు కదా.

పని అంతస్తు ప్రాణాన్ని తినేది ట్యాంకులోనే కాదు. 1967లో లండన్‌లో ప్రభుత్వోద్యోగుల మీద వైట్‌హాల్ అధ్యయనం మొదలుపెట్టారు. వాళ్ళెవరూ కటిక పేదలు కారు, అందరికీ ఉచిత వైద్యం ఉంది. అయినా పై అధికారులతో పోలిస్తే అట్టడుగు ఉద్యోగుల్లో గుండెజబ్బు మరణాలు సుమారు మూడింతలు. సిగరెట్లు, రక్తపోటు లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా చాలావరకు మిగిలే ఉంది. అక్కడే అలా ఉంటే, రొయ్యల షెడ్లలో కిలో లెక్కన కూలి తీసుకునే మన ఆడవాళ్ళ మాటేమిటి? తెల్లారకముందే ఆటో ఎక్కి, ఐసునీళ్ళలో చేతులు పెట్టి, నిలబడే రొయ్య వలుస్తారు. వేళ్ళ సందులు ఒరుస్తాయి, నడుము పట్టేస్తుంది. మూత్రానికి వెళ్తే తూకం తగ్గుతుందని నీళ్ళు తాగరు. మూత్రంలో మంటని వస్తే, నీళ్ళు బాగా తాగమ్మా అని మేం డాక్టర్లం చీటీ రాసి పంపుతాం. ఆ చీటీ చేరాల్సింది ఆమెకా, మేస్త్రీకా?

ఆరోగ్యశ్రీ వచ్చింది, మేలే చేసింది. అలాంటి పథకం రోగం ముదిరాక ఆసుపత్రిలో ఆదుకుంటుంది. రోగం పుట్టే షెడ్డులోకి వెళ్ళి చూసేవాళ్ళు ఎవరూ లేరు.

అన్నదమ్ములారా, ట్యాంకులోకి దిగమంటే ముందు గ్యాసు పరీక్ష కాగితం అడగండి. చూపకపోతే ఎవరూ దిగకండి. అడిగినవాణ్ణి మర్నాడు పనిలోంచి తీసేస్తే మిగతావాళ్ళంతా గేటు దగ్గర నిలబడండి. ఆ రోజు ఊరి పెద్దలు కూడా వచ్చి వాళ్ళ పక్కన నిలబడాలని చేతులు జోడించి అడుగుతున్నాను.