కుక్క మోకాలికి శస్త్రచికిత్స – పిదప సంరక్షణ

(రావికమతమున పంచాయతీ సభ్యులకొరకు చేసిన ప్రసంగము)



కళ్యాణపులోవ జలాశయము వైపు చేలలో రాత్రివేళ మనతో కావలి కాయునది కుక్కయే. గట్టు దూకి అది వెనుకకాలు ఎత్తి కుంటినచో, “రెండు దినములలో అదే సర్దుకొనును” అని మనము ఊరకుందుము. తరచుగా అట్టి కుంటికి కారణము, మోకాలిలో పై ఎముకను, క్రింది ఎముకను పట్టియుంచు స్నాయువు తెగుటయే. పెద్ద కుక్కలకు శస్త్రచికిత్స అవసరము కావచ్చును.

శస్త్రచికిత్స ఒక పూట పని. దాని ఫలమును నిలుపుట ఇంటివారి పని. ఎముకను కోసి లోహపు పలక బిగించినచో, అది అతుకుటకు సుమారు 8 నుండి 12 వారములు పట్టును. నొప్పి మాత్రము అంతకు ముందే తగ్గును. ప్రమాదమంతయు అచటనే యున్నది. కాలు నేల మోపుచున్నదిగదా యని గొలుసు విప్పి చేనికి తోలినచో, చేసిన చికిత్స చెడును.

కావున పరుగును, దూకుటను మాన్పింపవలెను. మొదట గొలుసుతో 5 నిమిషములు మాత్రమే నడిపించి, వైద్యుని అనుమతితో క్రమముగా పెంపవలెను. నున్నని నేలపై గోనెలు పరువవలెను. గాయమును నాకనీయరాదు. మనుష్యుల నొప్పి మాత్రలు పెట్టరాదు. అవి ప్రాణము తీయవచ్చును. ఒళ్లు పెరిగినచో రెండవ మోకాలికిని ముప్పే. తిండి కొలిచి పెట్టవలెను.

2022లో మన రాష్ట్రమున సంచార పశువైద్య వాహనములు ఆరంభమైనవి. వానికి 1962 నంబరుకు ఫోను చేయవలెను. కుంటుచున్న కుక్క కనబడినపుడు దాని యజమానికి ఈ మాటలు చెప్పుడని మేము కోరుచున్నాము. పన్నెండు వారముల ఓర్పు ఆ ఇంటికి పెక్కేండ్ల కావలిని నిలుపును.