టైపు మిషను నేర్పిన పాఠం
(మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



నేను ఇంజనీరును కాను. టైపు మిషను ముందు సర్వీసు గడిపిన గుమస్తాను. అయినా యంత్రంలో తిన్నగా అటూ ఇటూ జరిగే భాగాన్ని దేనిమీద నడపాలనే విషయం గురించి నాలుగు మాటలు చెబుతాను. అందుకు కారణముంది.

1979లో సంక్రాంతి ముందు రోజులు. సోంపేటలో నేను పనిచేసే ఆఫీసులో ఒక పెద్దాయన పెన్షను కాగితాలు టైపు చేశాను. చలికి క్యారేజి మొరాయించి, అంకె మీద అంకె పడింది. నేను సరిచూసుకోలేదు. కాగితాలు అభ్యంతరంతో తిరిగొచ్చాయి. మూడు నెలలు పెన్షను ఆగింది. ఆయన రోజూ వచ్చి వరండా బల్లమీద కూర్చునేవారు. నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ బాధ నాకింకా ఉంది.

తప్పు నాదే. మన ఉద్దానంలో కొబ్బరినూనెకు కొదవా? క్యారేజి బిగుసుకుందని రెండు చుక్కలు వేశాను. సుమారు 24 డిగ్రీలు దాటి చల్లబడితే ఆ నూనె పేరుకుంటుంది. క్యారేజిని లాగేది చిన్న స్ప్రింగు. ఒక్కో అక్షరానికి ఒక్కో పన్ను చొప్పున అది ముందుకు జరగాలి. గాడిలో ఉక్కు గోళీలు తేలిగ్గా దొర్లితేనే అది సాధ్యం.

మెకానిక్కు వచ్చి, "తలకి రాసేది మిషనుకి రాస్తే ఎలాగ బాబూ?" అన్నాడు. కిరసనాయిలుతో కడిగి, తుడిచి, పలచని మిషను నూనె ఒక్క చుక్క పెట్టాడు. క్యారేజి పరుగెత్తింది.

ఆనాటి నుంచి తెలుసుకున్నవి చెబుతాను. గట్టి ఉక్కు పట్టాలమీద ఉక్కు గోళీలు బరువు మోస్తాయి, కచ్చితంగా నడుస్తాయి. కాని మన సముద్రపు గాలికి తుప్పు, ఇసుక వాటికి శత్రువులు. స్టెయిన్‌లెస్ గోళీలు తుప్పుకు తట్టుకుంటాయి, గట్టిదనం కొంత తక్కువ. కంచుపొడిని అదిమి కాల్చి చేసిన బుష్షు తన సూక్ష్మరంధ్రాలలో నూనె దాచుకుంటుంది. చాలా ప్రింటర్లలో సిరా తల జరిగేది ఇలాంటి బుష్షుల మీదే. దాన్ని కిరసనాయిలులో ముంచితే దాచుకున్న నూనె పోతుంది. నా మిషనుకు మందు అయినది దానికి విషమన్నమాట!

నైలాను చవక, చప్పుడు చేయదు. కాని తేమ పీల్చి ఉబ్బుతుంది. బిగుతుగా అమరిస్తే మన వానాకాలంలో పట్టేస్తుంది. ఎసిటాల్ ప్లాస్టిక్కుకు ఆ గుణం బాగా తక్కువ. 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ కనుగొన్న టెఫ్లాను చాలా జారుడు. మొదటి కదలికకూ తర్వాతి కదలికకూ పట్టులో తేడా తక్కువ కనుక ఆగి, గెంతి నడవదు. అయితే మెత్తన. అందుకే లోహంమీద పలచని పొరగానో, వేరే పదార్థం కలిపో వాడతారు.

కనుక బరువెంత, తేమెంత, దుమ్మెంత, కచ్చితం ఎంత కావాలి అని అడిగి ఎంచుకోండి. కుట్టుమిషనుకైనా, డ్రాయరుకైనా చేతికందిన నూనె పోయకండి. సంతకం పెట్టేముందు అంకెలు రెండుసార్లు చూడండి.