స్టెప్నీ దిగకపోతే మిర్చి ఆగుతది

(చెల్పూర్‌లో జరిగిన సంఘ సభ్యుల సమావేశంలో ఒక మిర్చి రైతు చేసిన ప్రసంగ పాఠం)



నాకంటే ముందు మాట్లాడినవాళ్లు నకిలీ విత్తనాల గురించి, కౌలు రైతుల గోస గురించి చెప్పారు. నేను చెప్పబోయేది వాటి ముందు చాలా చిన్న విషయం. పికప్ బండి కింద వేలాడే స్టెప్నీ గురించి. "రైతుసంఘం మీటింగ్‌ల మెకానిక్ ముచ్చట ఏందిరా" అని నవ్వేవాళ్లు నవ్వొచ్చు. ముందు నా ముచ్చట వినండి, తర్వాత నవ్వండి.

మార్చి నెల, గురువారం రాత్రి. మూడు ఇండ్ల మిర్చి 34 బస్తాలు నా పికప్‌కు ఎత్తుకొని ఏనుమాముల బయలుదేరినం. అందులో ఎనిమిది బస్తాలు భర్త లేని మా మేనత్తవి. ఆమెకు ఆ యేడు పంటంతా అదే. బండి మా చిన్నాయన కొడుకు నడుపుతున్నడు. పరకాల దాటినంక వెనక టైరు పేలింది. మీకు తెలుసు, ఆ రోడ్డు మీద రాత్రంతా బొగ్గు టిప్పర్లు నడుస్తనే ఉంటయి. మన చెల్పూర్ కాకతీయ థర్మల్‌ల రెండు యూనిట్లు కలిపి 1100 మెగావాట్ల కరెంటు పుడుతది. ఆ రాత్రి మా చేతిల సెల్‌ఫోన్ లైటు తప్ప ఇంకో వెలుతురు లేదు.

హ్యాండిల్ పెట్టి తిప్పితే తిరగదు. "అన్నా, పట్టేసింది, కదులుతలేదే" అన్నడు తమ్ముడు. రాయితో కొట్టినం, పైపు తొడిగి ఇద్దరం వేలాడినం. గంటన్నర గడిచింది. ఓపిక నశించి వాడు బండి కిందికి దూరి టైరును చేతులతో గుంజిండు. అది ఒక్కసారే ఊడి పడింది. రెండు వేళ్లు నలిగినయి.

వాణ్ణి దవాఖానకు పంపి, ఇంకో బండి మాట్లాడి సరుకు మార్చి, మార్కెట్‌కు చేరేసరికి పగలు పన్నెండు దాటింది. జెండా పాట అయిపోయింది, కొనేవాళ్లు లేచిపోయిండ్రు. శని, ఆదివారాలు మార్కెట్ బంద్. మూడు రాత్రులు బస్తాల మీదనే పండుకున్న. సోమవారం క్వింటాలుకు నాలుగు వందలు తగ్గింది. 34 బస్తాలంటే పదమూడున్నర క్వింటాళ్లు. ఐదు వేల పైచిలుకు అక్కడే పోయింది. రెండో బండి కిరాయి వేరు, దవాఖాన ఖర్చు వేరు. తమ్మునికి నెల రోజులు పని లేదు. మా మేనత్త నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

తప్పు ఎవరిది? పేలిన టైరుది కాదు, టైర్లు పేలుతనే ఉంటయి. బండి కొన్న నాటి నుంచి రెండేండ్లు స్టెప్నీని ఒక్కసారి కూడా కిందికి దించి చూడలేదు. తప్పు నాది. అందుకే ఇవాళ మీ ముందు నిలబడ్డ.

స్టెప్నీ ఎట్లా నిలబడుతదో ముందు తెలుసుకుందాం. చాసిస్ కింద ఒక చిన్న చరకీ ఉంటది. దానికి గొలుసో, ఇనుప తీగె తాడో చుట్టి ఉంటది. దాని కొసకు ఒక పట్టీ. ఆ పట్టీ రిమ్ము నడిమి బొర్రలకెళ్లి దూరి కింద అడ్డం పడి టైరును మోస్తది. వెనక బంపర్ దగ్గరి రంధ్రంల హ్యాండిల్ పెట్టి తిప్పితే చరకీ తిరుగుతది. చాలా బండ్లకు కుడికి తిప్పితే పైకి, ఎడమకు తిప్పితే కిందికి. అదంతా ఉత్త ఇనుము. చేల బాటల బురద, బొగ్గు దుమ్ము దాని మీదనే పడతయి. అన్నిటికంటే చెడ్డది ఎరువు. పొటాష్ ఒక రకం ఉప్పే. చినిగిన బస్తా నుంచి రాలిన ఎరువు వానకు కరిగి కిందికి కారితే తుప్పు ఎంత తొందరగా పడుతదో చెప్పాల్నా?

ఇక పట్టేసినప్పుడు ఏం చేయాలె? మొదలు బండిని రోడ్డు దించి గట్టి నేల మీద ఆపండి. హ్యాండ్‌బ్రేక్ వేయండి, మంచిగున్న చక్రాలకు రాళ్లు పెట్టండి. వెనక దూరంగా చెట్టు కొమ్మో, ఎర్ర త్రికోణమో పెట్టండి. జాకీ మీద నిలబడ్డ బండి కిందికి ఎవ్వరూ దూరొద్దు. స్టెప్నీ కింద రాళ్లో, కట్టె దుంగలో పేర్చినంకనే దాని జోలికి పోవాలె. రిమ్ముతో కలిపి అది ఇరవై, ముప్పై కిలోల బరువు.

హ్యాండిల్ అసలే తిరగకపోతే, ముందు రంధ్రంల మట్టి ఉందేమో చూడండి. సగం సార్లు హ్యాండిల్ లోపల కూర్చోకనే తిరగదు. తీగెతో గీకి, నీళ్లు కొట్టి, మళ్లీ పెట్టండి. అయినా రాకపోతే చరకీ మీద, గొలుసు మీద తుప్పు వదిలే నూనె పోయండి. అది లేకపోతే డీజిల్ పోయండి, టైరు రబ్బరు మీద పడకుండా చూసుకోండి. పావుగంట ఆగండి. చాయ్ తాగండి. తర్వాత ఒకేసారి కిందికి తిప్పొద్దు. కొంచెం బిగించే దిక్కు, కొంచెం వదిలే దిక్కు, అటూ ఇటూ ఆడించండి. తుప్పు అట్లనే విడుస్తది. మేము చేసినట్టు పైపు తొడిగి వేలాడొద్దు. లోపలి పండ్లు అరిగిపోతయి, లేకుంటే తీగె తెగుతది.

హ్యాండిల్ తిరుగుతది, గొలుసు వదులైతది, టైరు మాత్రం దిగదు. ఇది అన్నిటికంటే ప్రమాదం. మా తమ్మునికి జరిగింది ఇదే. మేము కొట్టిన దెబ్బలకు చరకీ కదిలి గొలుసు వదులైంది, చీకట్ల చూసుకోలేదు. టైరు మాత్రం బురద, తుప్పుతో పైన చాసిస్‌కు అతుక్కొని ఉంది. గుంజంగనే పడ్డది. అట్లాంటప్పుడు ముందు గొలుసును మళ్లీ బిగించి నాలుగు వేళ్ల వదులు మాత్రమే ఉంచండి. ఊడినా నాలుగు వేళ్ల కంటే ఎక్కువ దిగదు. తర్వాత పక్కన నిలబడి గడ్డపారతో సందుల ఎత్తండి. టైరు కింద తల, చెయ్యి, కాలు, ఏదీ ఉండొద్దు.

హ్యాండిల్ ఉత్తగా తిరుగుతది, గొలుసు బిగువుగనే ఉంటది. అంటే చరకీ లోపల పోయింది. కింద నుంచి జాకీతో టైరును కొంచెం ఎత్తి, గొలుసు వదులైనంక ఆక్సా బ్లేడుతో కోయాలె. బిగువు మీద కోస్తే మీదికి వస్తది. గ్యాస్ కట్టర్ మాత్రం వద్దే వద్దు. గాలి నిండిన టైరుకు సెగ తగిలితే పేలుతది, పైన మీ మిర్చో పత్తో ఉంటది. కొత్త చరకీ వేయించేదాక స్టెప్నీని ట్రాలీలనే పెట్టుకోండి. బస్తా జాగా పోతదని కింద తాడుతో కట్టొద్దు.

ఇక అసలు మందు. మూడు నెలలకొకసారి స్టెప్నీని పూర్తిగా నేలకు దించండి. కడగండి, గొలుసుకు ఇంజన్ ఆయిల్ రాయండి, గాలి చూడండి. దిగిన స్టెప్నీల గాలి లేకపోతే దించి ఏం లాభం? పైకి ఎత్తేటప్పుడు పట్టీ బొర్రల సమంగా కూర్చుందో లేదో చూసి, గట్టిగ బిగించి, చేత్తో ఊపి చూడండి. ఎరువులు తెచ్చిన రోజు బండి కింద కూడా నీళ్లు కొట్టండి. సంక్రాంతికి ఇల్లు అలుకుతం, ఎడ్లను కడుగుతం. మిర్చి బండ్లు కదలకముందే ఆ పండుగకే స్టెప్నీని కూడా దించుదాం.

ఇదంతా సంఘంల ఎందుకు చెప్తున్ననంటే, కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటల్ల మిర్చి లేదు. ఉంటే ఆ శుక్రవారానికి, సోమవారానికి తేడా ఉండేది కాదు. ధర ఏ పూటకు ఆ పూట మారుతది కాబట్టే మనం రాత్రికి రాత్రి ఉరుకుతున్నం. నిద్ర లేని డ్రైవర్, మోయలేని బరువు, చీకటి రోడ్డు, అన్నీ ఆ ఉరుకుల నుంచే వస్తున్నయి. మద్దతు ధర కోసం కొట్లాట ఆగొద్దు. రోడ్డు పక్కన బండ్లు ఆపుకునే జాగాలు, లైట్లు కావాలని కూడా అడగాలె. కానీ ఆ రోజు వచ్చేదాక మన వేళ్లను మనమే కాపాడుకోవాలె.

నాది ఒక్కటే ప్రతిపాదన. ప్రతి ఊరి సంఘం దగ్గర ఒక పెట్టె ఉండాలె. అందులో మంచి జాకీ, వీల్ పానా, గడ్డపార, తుప్పు నూనె, ఆక్సా బ్లేడు, టార్చి లైటు, ఎర్ర త్రికోణం. రాత్రి మార్కెట్‌కు పోయే బండి ఆ పెట్టె తీసుకొని పోవాలె, తెల్లారి తెచ్చి అప్పజెప్పాలె. ఇంటికి కొంత వేసుకుంటే ఎవరికీ బరువు కాదు.

వచ్చే ఆదివారం పొద్దున బండి ఉన్నోళ్లందరూ ఇక్కడికే రాండ్రి. ఒక్కొక్క స్టెప్నీ దించి చూద్దాం. దించి చూపించేది మా తమ్ముడే. వాని రెండు వేళ్లు ఇప్పటికీ సరిగ్గా మడవరావు. "నేనే చూపిస్త అన్నా, నన్ను చూస్తే మర్చిపోరు" అన్నడు.

సెలవు.