గుర్రం కాలికి గాయమైతే

(రావల్కోల్‌లో సాయంత్రం చదువుల దగ్గర పశువైద్య సహాయకుడు ఒకరు చెప్పిన మాటలు)

 

ఆవు, బర్రె ఉన్న ఊళ్లో గుర్రం ముచ్చట ఎందుకు అనుకుంటున్నారా? టాంగాలు పోయాయి. గుర్రం మాత్రం పోలేదు. పెండ్లికొడుకును ఎక్కించుకొని బరాత్‌లో నడుస్తుంది. లగ్గాల రోజుల్లో అది తెచ్చిన పైసలే ఆ ఇంటికి తిండి.

మన మేడ్చల్ దిక్కు చేన్లు ప్లాట్లయినాయి. ప్లాట్ల చుట్టూ రాతి కడీలు, ముళ్ల తీగ. మేతకు విడిచిన గుర్రం ఆ తీగకే గీరుకుంటుంది. మొన్న ఇక్కడి తెల్ల గుర్రానికి అట్లనే అయింది. వెనక కాలు, కీలుకు చాలా కింద. పైతోలు తెగింది. అంత చిన్న గాయాన్ని ఇంటి దగ్గర నయం చేసుకోవచ్చు.

ముందు మనం జాగ్రత్త. నొప్పిలో ఉన్న గుర్రం తంతుంది. వెనక నుంచి పోవద్దు. పిలుస్తూ భుజం పక్క నుంచి పోవాలి. ఒకరు పగ్గం పట్టుకోవాలి. గాయం చూసేటప్పుడు కింద కూర్చోవద్దు. పక్కన వంగి నిలబడాలి.

రక్తం కారుతుంటే శుభ్రమైన బట్ట పెట్టి పది నిమిషాలు గట్టిగా ఒత్తండి. ఆగిందా అని మాటిమాటికి తీసి చూడవద్దు. రక్తం చిమ్ముతుంటే మాత్రం అది చిన్న గాయం కాదు. బట్ట ఒత్తి పట్టుకొనే డాక్టరును పిలిపించాలి.

రక్తం ఆగినాక కడగాలి. లీటరు నీళ్లు మరిగించి చల్లార్చండి. అందులో రెండు చిన్న చెంచాలకు కొంచెం తక్కువ ఉప్పు కలపండి. ఆ నీళ్లు పోస్తూ మట్టి, పేడ, వెంట్రుకలు పోయేదాకా కడగండి. తరువాత పోవిడోన్ అయోడిన్ మందు. దవాఖానల్లో గాయాలకు పూసే ఎర్రమందు అదే. పలచని డికాక్షన్ రంగు వచ్చేదాకా నీళ్లు కలిపి వాడాలి. చిక్కగా పోస్తే కొత్త తోలు మాడుతుంది.

ఇంకొకటి. సున్నం, కారం, ఫినాయిలు, ఇంజను ఆయిలు పుండులో పోయవద్దు. చాలామంది పోస్తారు, నేను చూశాను. పసుపు సంగతి అడుగుతారు. పసుపు పొడి గడ్డకట్టి లోపల ఏముందో కనబడనీయదు. అందుకే నేను వద్దంటాను. ఈగలు వాలకుండా వేపనూనె రాయవచ్చు. అదీ పుండు చుట్టూనే, పుండులో కాదు.

గుర్రానికి మోకాలి కింద కండ ఉండదు. తోలు, నరాలు, ఎముక, అంతే. అందుకని అక్కడి పుండు తొందరగా మానదు. ఒక్కోసారి ఎర్రటి మాంసం తోలుకు పైగా గోబిపువ్వు లాగా పెరుగుతుంది. దాన్ని మైలుతుత్తంతో కాల్చకండి. డాక్టరు కోసి తీస్తాడు.

కొన్ని గాయాలు చిన్నగా కనబడతాయి గాని చిన్నవి కావు. కీలు దగ్గర గాయమై, పసుపుపచ్చని జిగురు నీరు కారితే కీలు లోపలిదాకా తెగినట్టే. ఆ రోజే డాక్టరు చూడాలి. తోలు విచ్చుకొని ఉంటే కుట్లు పడాలి. ఎంత తొందరగా పోతే అంత మంచిది. గిట్టలో మేకు దిగితే మీరు పీకవద్దు. పీకక తప్పకపోతే ఎక్కడ దిగింది, ఎంత లోతు, ఎటు వంగింది గుర్తు పెట్టుకోండి.

ఇక ధనుర్వాతం. దీని పురుగు మట్టిలో, పేడలో ఉంటుంది. కంటికి కనబడదు. పశువులన్నిటిలో గుర్రానికే దీని దెబ్బ ఎక్కువ. నేనొక గుర్రాన్ని చూశాను. గిట్టలో చిన్న మేకు. పీకేశారు, మరిచిపోయారు. పది రోజులకు కాళ్లు కర్రల్లా బిగిశాయి. తోక లేచి నిలబడింది. కంటి మూల నుంచి తెల్లపొర అడ్డం వచ్చింది. దవడ బిగిసి గడ్డి నమలలేదు. మూడో రోజు చనిపోయింది. ఆ ఇంటి ముసలాయన నన్ను ఒకే మాట అడిగాడు, "సూది వేయిస్తే బతికేదా?" అని. బతికేది.

ముందు ఒక సూది, నాలుగైదు వారాలకు రెండోది, తరువాత ఏటా ఒకటి. ఎన్నడూ వేయించని గుర్రానికి గాయమైతే అప్పటికప్పుడు విరుగుడు సూది వేరే ఉంటుంది. 1890లో బేరింగ్, కిటసాటో అనే ఇద్దరు జర్మనీలో ఆ విరుగుడు కనిపెట్టారు. తరువాత దాన్ని గుర్రం రక్తం నుంచే తీశారు. 1914లో మొదలైన ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికులను ఎందరినో అది కాపాడింది. మనుషులకు మందు ఇచ్చిన గుర్రానికి మనం సూది వేయించకపోతే ఎట్లా?

ఇందాక ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, బయానా తీసుకున్నం. ఐదు రోజుల్లో లగ్గం. గుర్రాన్ని నిలబెడితే పైసలు ఎట్ల?" అని. గుర్రం కుంటకుండా, వాపు లేకుండా, పుండు ఆరి ఉంటే పోవచ్చు. కుంటుతుంటే మాత్రం వద్దు తమ్మీ. మనిషి మోత, బ్యాండు, పటాకులు, డాంబరు రోడ్డు. పుండు మళ్లీ పగులుతుంది. తోటివారి గుర్రాన్ని పంపు. వాళ్లకు అవసరమైన నాడు నీది పంపు.

చీకటి పడుతోంది. ఆ తెల్ల గుర్రం కట్టు ఇవ్వాళ మార్చాలి. కట్టు కింద వేలు దూరాలి, అంత వదులుండాలి. రండి, ఒకరు లైటు పట్టుకోండి, చేసి చూపిస్తాను.