పత్తర్‌గట్టి వీధి: కొట్లు, హోటళ్లు

1591లో నిర్మించిన చార్మినార్ నుంచి మూసీ నది వైపు సాగే ప్రధాన వీధి, గుల్జార్ హౌజ్ చుట్టూ నాలుగు దిక్కులా నిలిచిన కమాన్ల, అంటే ఎత్తైన తోరణ ద్వారాల, నడుమగా పత్తర్‌గట్టికి చేరుతుంది. 1908 నాటి వరదల తరువాత, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇక్కడ కట్టించిన రాతి కమాన్ల వరుస కింద నేటికీ ముత్యాలు, అత్తర్లు, పెళ్లి బట్టలు అమ్ముతున్నారు. ఇంత అందమైన కట్టడాన్ని బోర్డులు, కరెంటు తీగలు కప్పివేయడం నిజంగా బాధాకరం.

చార్మినార్‌కు పడమరనున్న లాడ్ బజారులో, లక్క అనే సహజ జిగురును నిప్పుసెగపై మెత్తబరచి, కడ్డీగా సాగదీసి, గాజుగా వంచి, వేడి ఆరకముందే రాళ్లను ఒక్కొక్కటిగా చేత్తో పొదుగుతారు. ఈ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది.

సమీపంలోని ఇరానీ హోటళ్లలో డికాక్షన్‌ను మూతపెట్టి సన్నని సెగపై చాలాసేపు మరిగించి, విడిగా చిక్కగా కాచిన పాలను కప్పులోనే కలిపి, ఉస్మానియా బిస్కెట్లతో అందిస్తారు.